చేనుకు టేకు తలుపు

బాడిశ దెబ్బ పడ్డప్పుడల్లా తుమ్మమొద్దు మీంచి బెరడు పెచ్చులు పెచ్చులుగా లేచిపడుతోంది. మారోతి ఎడమకాలి మడమతో మొద్దును అదిమిపెట్టి, నడుం వంచి, ఒక్క తీరుగా చెక్కుకుంటూ పోతున్నాడు. ఒక గుంజ అప్పటికే అయిపోయింది. ఇది రెండోది. పొద్దు నెత్తిమీదికి రాకముందే రెండూ మోసుకుపోయి కిషన్‌రావు చేను గట్టున పాతాలి.

"ఏందయ్యా, సద్ది తినేదుందా లేదా?" అనుసూయాబాయి గడపలోంచి అరిచింది.

"గీ గుంజ అయినంక."

"పొద్దుగాల గా గుంజ అయినంక అంటివి. ఇగ గుంజలే నమిలి మింగుతవు తియ్యి."

మారోతి మొద్దును ఇంకో పక్కకు తిప్పుకున్నాడు. పని చేతిలో ఉంటే ఆయన నోరు తెరవడని ఆమెకు తెలుసు. జొన్నరొట్టె, ఇంత పచ్చికారం ఆకులో చుట్టి ఆయన సంచిలో పెట్టేసింది.

ఎల్లంగాంలో వడ్లపని, అంటే వడ్రంగం, మారోతి ఒక్కడిదే. ఆయనకు ఎవరూ దగ్గర కూచోబెట్టుకొని నేర్పలేదు. విరిగిన బండిచక్రాలను విప్పి, ఏ ముక్క ఎందుకు అట్లా ఉందో చూసి, మళ్లీ బిగించి నేర్చుకున్న పని. అందుకే ఏదైనా తప్పితే విప్పి చూడాలన్నదే ఆయనకు ముందు తోచేది.

ఇప్పుడు తప్పింది బండి కాదు, బాట.

ఎల్లంగాం నుంచి మల్లాపూర్‌కు తారురోడ్డున పోవాలంటే కుండల్‌వాడి దాకా ఒక బస్సు, అక్కడ దిగి కూచుంటే ఎప్పుడో ఇంకో బస్సు. నడకబాట మీద అయితే రెండు మైళ్లే. ఊరు దాటగానే కిషన్‌రావు చేను, చేను చివర వాగు గట్టుకు రాతిమెట్లు, మోకాలి లోతు వాగు, అవతల మోదుగుల నీడన మల్లాపూర్ దాకా చదునైన నేల. లారీల భయం లేదు. నాలుగేండ్ల పిల్ల తన కాళ్లతో తాను నడిచేస్తుంది, ముసలమ్మ కట్టె పట్టుకొని మెల్లగా చేరుతుంది. శ్రావణ సోమవారాలొస్తే రెండూళ్ల వాళ్లూ రొట్టెలు మూటగట్టుకొని, పిల్లాజెల్లా అంతా కలిసి, ఇదే బాటన మంజీర ఒడ్డుకు పోయి సాయంత్రానికి తిరిగొస్తారు.

మారోతి కూతురు ఇందుబాయిని మల్లాపూర్‌లోనే ఇచ్చారు. పెద్దపిల్లకు రెండేండ్లు. ఇప్పుడు మళ్లీ ఏడో నెల. వారానికొకసారి పిల్లను చంకనెత్తుకొని ఈ బాటన పుట్టింటికి వచ్చి, తల్లి చేతి కూడు తిని, పొద్దుగూకక ముందే వెళ్లిపోతుంది. బస్సు కుదుపులకు ఈ నెలల్లో ఎక్కొద్దని మంత్రసాని గట్టిగా చెప్పింది. అంటే బాట పోతే కూతురి రాక కూడా పోయినట్టే.

బాట పోయేటట్టే ఉంది. కరువు రెండేండ్లూ ఆ చేను బీడుపడి ఉంది. ఎవరు నడిచినా, ఏ పశువు తిరిగినా అడిగిన వాళ్లు లేరు. డెబ్బై నాలుగులో వానలు మంచిగా పడ్డాయి. కిషన్‌రావు పెసర చల్లాడు. పెసర మొలిచింది, దాని వెనకే ఊరి పశువులు వచ్చాయి. చేను చుట్టూ కంచె ఉంది గానీ బాట కోసం వదిలిన సందు బండి పట్టేంత ఉంది.

ఆ సందు మూసేస్తానని ఆయన ఊరంతా చెప్పిన వారమే మారోతి పోయి ఆయన్ను అడిగాడు.

"బాట మూసేస్తవట గద పటేలా?"

"ముయ్యక? నువ్వు గింజలు చల్లి సూడు, తెలుస్తది. మనుషులు నడుస్తాంటే నేను వద్దన్ననా ఎప్పుడన్న? మనుషుల ఎన్క బర్లు, బర్ల ఎన్క మేకలు. రుక్మవ్వ మేక ఉంది సూడు నల్లది, దానికి నా చేను అత్తగారిల్లయింది."

"మనుషులు పొయ్యేటట్టు, పశువు పోకుంట చేస్తే?"

"ఎట్ల చేస్తవు?"

"జేస్త. ఎట్లనో జేసినంక సూడు."

కిషన్‌రావు మీసం దువ్వుకున్నాడు. ఆయన చెడ్డ మనిషి కాడు, విసిగిపోయిన మనిషి. "శ్రావణం మొదటి సోమవారం దాకా ఆగుత. ఆ రోజు నా కండ్లముందట పశువు దాటకపోతే బాట ఉంటది. దాటిందా, తెల్లారి రాళ్లగోడే."

అదీ ఈ గుంజల కథ.

చేనుకు ఊరి దిక్కు గట్టున రెండు గుంజలూ పాతి, మధ్యలో సన్నటి సందు వదిలి, అటూ ఇటూ ముళ్లకంప బిగించాడు మారోతి. తాను పక్కకు తిరిగి దూరితే పట్టింది. బర్రె తల పట్టింది గానీ భుజాలు పట్టలేదు. సులువుగా అయిపోయిందని రొట్టె విప్పుకొని తిన్నాడు.

మర్నాడు ఇందుబాయి వచ్చింది. సందు ముందు ఆగిపోయి, కడుపును చూసుకుంది, చంకలో బిడ్డను చూసుకుంది, తండ్రిని చూసింది.

"బాపూ, నేను ముందుగాల అటు రావాల్నా, నా కడుపు రావాల్నా?"

వెనకే కట్టెలమోపు నెత్తినెత్తుకొని రుక్మాబాయి వచ్చింది. అరవై దాటిన మనిషి, ఊరందరికీ రుక్మవ్వ. నోరు మాత్రం ఇరవై ఏండ్లదే. మోపు అడ్డంగా గుంజలకు తగులుకుంది. దింపి నిలువుగా తోద్దామంటే ఇవాళ మారోతి ఉన్నాడు, రేపు దింపే మనిషి ఉండడు.

"ఓ మారోతి, గిది ఎవల కొల్త పెట్టినవు కొడుకా?"

"నాదే అవ్వా."

"గందుకే. నీ నెత్తి మీద మోపు లేదు, నీ చంకల పిల్ల లేదు. నువ్వు ఉత్త చేతులూపుకుంట నడుస్తవు. గీ బాటన ఉత్త చేతులతోని నడిచెటోళ్లు ఎంతమంది ఉన్నరో లెక్కవెట్టు పో."

ఆమె అంటుండగానే నల్లమేక ఊరి దిక్కు నుంచి సందులో దూరి, ఆమె కాళ్ల పక్కనుంచి చేనులోకి పోయి, పెసర ఆకు కొరికి, తోక ఊపింది. మారోతి దాన్ని తరుముకొచ్చి, మాట్లాడకుండా గడ్డపార అందుకొని గుంజలు పీకేశాడు. ఇరవై ఏండ్లుగా మనిషి కోసం వస్తువు చేస్తూ, మనిషిని కొలవకుండా తనను కొలుచుకున్నాడు. అది రుక్మవ్వ మాటల కన్నా ఎక్కువ గుచ్చింది.

ఈసారి ముందు కొలతలు. ఇందుబాయిని పిల్లతో సహా నిలబెట్టి దారం పట్టాడు. రుక్మవ్వను మోపుతో నడిపించి, మోపు వెడల్పు కట్టెతో గుర్తుపెట్టుకున్నాడు. అంత సందు వదిలితే ఏ పశువైనా వస్తుంది. అంటే తలుపు కావాలి. తుమ్మచెక్క తలుపు ఎండకు మెలికపడుతుంది. టేకే కావాలి.

టేకు ఇంట్లోనే ఉంది. మూడేండ్ల కింద మాండవి అడవి దిక్కు నుంచి తెచ్చి, వెనక దొడ్డికి తలుపు చేస్తానని ఇంటి దూలాల మీద ఆరబెట్టిన పలకలు. మారోతి నిచ్చెన ఎక్కి వాటిని దింపుతుంటే అనుసూయాబాయి నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది.

"అవి నా దొడ్డి తలుపువి గావా?"

"ఊఁ."

"మూడేండ్ల సంది తడికె తోసుకుంట తిరుగుతున్న నేను. పటేలు చేనుకు టేకు తలుపు, వడ్లాయన పెండ్లానికి తడికె! మంచిగనే ఉంది."

"నీ బిడ్డ వస్తది దాంట్ల నుంచి."

ఆమె వచ్చి నిచ్చెన కాలు గట్టిగా పట్టుకుంది. "మెల్లగ దింపు. అంచు పగిల్తే ఊకోను."

తలుపు మంచిగా కుదిరింది. పలకకే పైనా కిందా ముక్కులు చెక్కాడు. కింది ముక్కు రాతిగుంటలో, పై ముక్కు గుంజకు బిగించిన కొయ్య బెజ్జంలో తిరుగుతుంది. దారానికి గుండు కట్టి వేలాడదీసి, గుంజ వెంట్రుకవాసి కూడా వాలకుండా నిలబెట్టాడు. వేలితో తోస్తే తలుపు చప్పుడు లేకుండా కదిలింది, వదిలిన చోట ఆగిపోయింది. ఎక్కడ వదిలితే అక్కడే నిలవడం మంచి తలుపు గుణం. మోపు పట్టింది, కడుపు పట్టింది, చంకలో పిల్లా పట్టింది.

నాలుగు రోజులు కూడా కాలేదు. పొలం నుంచి కిషన్‌రావు కేక ఊరిదాకా వినబడింది. తలుపు బార్లా తెరిచి ఉంది. చేనులో రెండు బర్రెలు, ఒక దూడ, వాటి ముందు అందరికన్నా ముందొచ్చినట్టు రుక్మవ్వ నల్లమేక. బర్రెలను బందెలదొడ్డికి తోలించాడు కిషన్‌రావు. మేక చిక్కలేదు.

"మంచి తలుపే పెట్టినవు మారోతి," అన్నాడు రొప్పుతూ. "ముయ్యనీకె ఒక మనిషిని గూడ పెట్టు."

మారోతికి ఒళ్లు మండింది. ఇంటికొచ్చి సంచి విసిరికొట్టాడు. "ఒక్క తలుపు మూసెటందుకు చేతులు రావు ఈ ఊరోళ్లకు! ఎవలు తెరిచిన్రో కనుక్కొని..."

"నేనే తెరిచిన," అంది అనుసూయాబాయి పొయ్యి దగ్గర నుంచి.

ఆయన తిరిగి చూశాడు.

"మల్లాపూర్ దాకా పోయి బిడ్డను దిగబెట్టి అస్తున్న. నెత్తి మీద గంప, ఒక చేతిల కడవ, ఇంకో చేతిల బిడ్డ ఇచ్చిన మూట. తలుపు కాలుతోని తోసిన. తోసి అచ్చిన. ఎన్కకు మల్లి ఏ చెయ్యితోని ముయ్యాల్నో చెప్పు, రేపటి సంది గా చెయ్యితోనే మూస్త."

మారోతి పొయ్యి ముందు కూచున్నాడు. ఆమె ఎదురుగా కంచం పెట్టింది. తిన్నాడు. తింటూనే కుడిచేతిని ఒకసారి, ఎడమచేతిని ఒకసారి చూసుకున్నాడు.

సోమవారానికి ఇంకా ఏడు రోజులుంది. ఆ సాయంత్రం మొదలైన వాన రెండు రోజులు విడవలేదు. మూడోనాడు పొద్దున్నే మారోతి బురదలో చేను దగ్గరికి పోయాడు. నల్లరేగడి నీళ్లు తాగి ఉబ్బింది. నిట్టనిలువుగా నిలబెట్టిన తలుపు గుంజ పక్కకు వాలి ఉంది. గుండు వేలాడదీసి చూశాడు. గుంజ తల రెండు వేళ్ల మందం అవతలి గుంజ దిక్కుకు, కొంచెం చేను లోపలి దిక్కుకు ఒరిగింది. గడ్డపార కోసం వంగుతూ, అడ్డంగా ఉన్న తలుపును బయటికి లాగి వదిలాడు.

తలుపు ఆగలేదు. మెల్లగా కదిలి, పోను పోను వడి అందుకొని, పోయి అవతలి గుంజకు టక్కుమని తగిలింది.

మళ్లీ లాగాడు, మళ్లీ వదిలాడు. టక్కు.

గడ్డపార చేతిలో అలాగే ఉండిపోయింది. ఆ చప్పుడు ఆయనకు తెలుసు. పదిహేడేండ్ల కింద నాందేడ్‌లో విన్నాడు.

అప్పుడు ఆయనకు ఇరవై రెండేండ్లు. గుండు దారం వాడడం తెలియని రోజులు. రాధాకిషన్ అనే బట్టల షేటు కొత్తిల్లు కడుతుంటే తలుపులు పెట్టడానికి పోయాడు. తలుపు పెట్టిన వడ్లాయన పని చివర దాన్ని మూడుసార్లు తెరిచి చూపించాలి, తర్వాత ఇంటాయన చేతిని తలుపు మీద పెట్టించి తాను పక్కకు జరగాలి. అప్పటిదాకా ఆ తలుపు వడ్లాయనదే, చెయ్యి పడ్డాకే ఇంటాయనది. మారోతి తలుపు తెరిచాడు. అది తనంతట తాను వచ్చి టక్కున మూసుకుంది. రెండోసారీ అంతే. చూడవచ్చిన వాళ్లు నవ్వారు. షేటు చెయ్యి పెట్టలేదు. "క్యా రే, దర్వాజే కో భూత్ లగా హై క్యా?" అన్నాడు. దయ్యం పట్టిన తలుపట. ఆ తలుపు పీకించి వేరే మనిషితో పెట్టించాడు. మారోతి ఊరికొచ్చి ఒక ఇనుపగుండు సంపాదించుకున్నాడు. ఆ రోజు నుంచి ఈ వాన దాకా ఆయన నిలబెట్టిన గుంజ ఏదీ వాలలేదు.

ఇప్పుడు ఆ దయ్యమే వచ్చి చేను గట్టున నిలబడింది. చేతులు ఖాళీగా లేని మనిషి వెనక తలుపు మూయడానికి అదే కావాలి.

గుంజను సరిచేయాలని వంగిన మనిషి దాని పక్కన చతికిలబడి, ఎంత వాలింది, ఏ దిక్కుకు వాలిందో పుల్లతో కొలుచుకున్నాడు. నేల వాల్చిన గుంజను నమ్మడానికి లేదు. రేగడి ఇవాళ ఇటు వాలుస్తుంది, ఎండాకాలం పగుళ్లిచ్చి అటు వాలుస్తుంది. వాలు కావాలి గానీ అది తాను పెట్టిన వాలు కావాలి.

నాలుగు రోజులు అదే పని. రేగడిని తవ్వుకుంటూ, కింద ఎర్రమొరం తగిలేదాకా నడుం లోతు దిగాడు. గుంజను మొరంలో నిలిపి, చుట్టూ రాళ్లు కూరి దిమ్మిస చేశాడు. గుండు దారానికి గుంజ మళ్లీ నిట్టనిలువు. వాలు పెట్టింది గుంజకు కాదు, తలుపు తిరిగే తీరుకు. పై ముక్కు తిరిగే బెజ్జాన్ని గుంజకు ఆనించకుండా, రెండు వేళ్లు అవతలి దిక్కుకు, ఒక వేలు లోపలి దిక్కుకు జరిపి కొత్త కొయ్యలో తొలిచాడు. మొదటిసారి ఎక్కువ జరిపాడు, తలుపు వచ్చి పిడిగుద్దులా తగిలింది. ఇందుబాయి కడుపు గుర్తొచ్చి కొయ్య పారేసి ఇంకొకటి చెక్కాడు. రెండోది తక్కువైంది, తలుపు సగంలో ఆగింది. మూడోది కుదిరింది. తలుపు బయటికి, ఊరి దిక్కుకే తెరుచుకునేలా లోపల అడ్డుకొయ్య బిగించాడు. పశువు తోస్తే తలుపు ఇంకా బిగుసుకుంటుందే గానీ తెరుచుకోదు. లాగడానికి జనపతాడు కట్టి, వంగి నడిచే రుక్మవ్వ చెయ్యి అందేంత కిందికి వేలాడదీశాడు.

సోమవారం పొద్దున బాట మొదట్లోనే జనం నిండారు. మూటలు, సత్తుగిన్నెలు, చంకల్లో పిల్లలు. మంజీరకు పోవాలంటే ముందు తలుపు దాటాలి. లోపల కిషన్‌రావు చేతికర్రతో నిలబడి ఉన్నాడు. ఆయన వెనక రాళ్ల కుప్ప. గోడకు ముందే తెచ్చిపెట్టుకున్నాడు.

"ముందుగాల మనుషులు గాదు," అన్నాడు ఆయన. "రుక్మవ్వా, నీ దొంగను పట్టుకురా."

"దొంగ అనకు పటేలా, దానికి ఇంటిపేరుంది," అంటూ ఆమె నల్లమేకను తీసుకొచ్చింది. కిషన్‌రావు తానే పెసర మండ ఒకటి పీకి తలుపు అవతల ఊపాడు. మేక చెవులు నిక్కబొడుచుకున్నాయి. వచ్చి తలుపును తలతో పొడిచింది. తలుపు కదల్లేదు. వెనక్కి నడిచి, ఉరికొచ్చి పొడిచింది. టక్కుమన్నది గానీ సందు ఇవ్వలేదు. కింద మూతి పెట్టింది, రాయి తగిలింది. నాలుగోసారి పొడిచి, ఎవరూ చూడనట్టు పక్కకు తిరిగి కంప మీది ఆకు కొరికింది. పిల్లలు గొల్లుమన్నారు.

"సిగ్గువడ్డదిరా!" అంది రుక్మవ్వ.

కిషన్‌రావు నవ్వలేదు. "ఇది మూసి ఉన్న తలుపు. తెరిచినంక సంగతి సూపియ్యి."

మారోతి పక్కకు చూశాడు. అవతల వాగు మెట్లెక్కి ఇందుబాయి చేను మధ్య నుంచి వస్తోంది. చంకలో పిల్ల, నెత్తి మీద మూట. ఇటు తలుపు ముందు రెండు బర్రెలు, మేక కాచుకొని ఉన్నాయి. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. వచ్చింది, భుజంతో తలుపును తోసింది, తలుపు ఊరి దిక్కుకు తెరుచుకుంది, దాటింది. వెనక్కి చూడలేదు. మేక ఉరికింది. ఇందుబాయి కొంగు తలుపు దాటిందో లేదో, తలుపు ఆమె వెనకనుంచి మెల్లగా వచ్చి, మేక మూతికి బెత్తెడు ముందు టక్కున మూసుకుంది.

"ఏంది బాపూ, అందరు నన్నే సూస్తున్నరు?" అంది ఇందుబాయి.

అనుసూయాబాయి కూతురి నెత్తి మీది మూట అందుకుంది. "నిన్ను గాదే, నా దొడ్డి తలుపును సూస్తున్నరు."

కిషన్‌రావు కర్ర గట్టుకు ఆనించి, తలుపు తోసి చూశాడు, వేలితో బెజ్జం తడిమి చూశాడు. "వంకర పెట్టినవు గద పైన?"

"పెట్టిన."

"తెలిసే పెట్టినవా?"

"మూడు కొయ్యలు చెక్కి పెట్టిన."

కిషన్‌రావు బెజ్జం మీంచి వేలు తీశాడు. మారోతి లోపలికొచ్చి, పనిచివర చేయవలసిన తీరుగా తలుపును తెరిచి వదిలాడు. ఒకటి. రెండు. మూడు. మూడుసార్లూ అది వచ్చి తన చోట తాను నిలబడింది. తర్వాత కిషన్‌రావు మణికట్టు పట్టుకొని, ఆయన అరచేతిని టేకు పలక మీద ఆనించాడు. కిషన్‌రావు చెయ్యి తీయలేదు. ఒక్కసారి నొక్కి చూశాడు. అలాగే పట్టుకొని, బయటికి తోసి, తానే అడ్డం తప్పుకొని, "రాండ్రి ఇగ, పొద్దెక్కుతుంది," అన్నాడు ఆడవాళ్లతో.

రుక్మవ్వ ముందు దాటింది. మారోతి పక్కకు జరిగి, బాడిశ, గుండు దారం సంచిలో వేసుకున్నాడు.